నడిమి గాటు మీద రాయని మాట

ముప్పై ఆరేళ్లుగా ఒక అబద్ధం మోస్తున్నాను. రెండక్షరాల అబద్ధం. దాని బరువెంత అని అడిగితే ఏం చెప్పను? నీళ్లు ఒక ఇనుప పలకను ఎంత బలంగా నెడతాయో, ఆ పలకను పైకి లేపాలంటే మోటారు ఎంత శక్తి పెట్టాలో, కాగితమూ పెన్సిలూ ఇస్తే ఈ వయసులో కూడా నిమిషాల మీద లెక్కగట్టి చెబుతాను. ఈ బరువు మాత్రం నా లెక్కకు అందలేదు. పనిలో ఉన్నప్పుడు మరిచిపోతాను. అన్నం ముందు కూర్చున్నప్పుడు గుర్తొస్తుంది.

నా పేరు మీకు చెప్పను. చెబితే మా జిల్లాల్లోని పాత ఇంజనీర్లు కొందరు గుర్తుపట్టి, పోనీలే సారూ, ఆ కాలమే అట్లాంటిది అని నా భుజం తడతారు. ఆ తట్టడం నాకొద్దు. మీరెవరో నాకు తెలియదు, అందుకే మీకు చెప్పగలుగుతున్నాను.

ఇంకో సంగతి కూడా ముందే చెప్పాలి. నాకు గర్వం ఎక్కువ. తప్పు ఒప్పుకునేవాడు తల వంచుకుని మాట్లాడాలంటారు. వంచుకుందామనే కూర్చున్నాను, నాలుగు కాగితాలు చింపేశాను, అయినా ఆ యంత్రం సంగతి వచ్చేసరికి నా తల దానంతటదే లేస్తోంది. ఏం చెయ్యను? యంత్రం గొప్పది. నేను చేసిందే. ఏ మాటకామాటే చెప్పుకోవాలి కదా.

మాది పాలమూరు వైపు పల్లె. జొన్నలూ ఆముదాలూ తప్ప ఇంకోటి పండని నేల. మా బాపు ఎట్లాగో నన్ను పట్నంలో చదివించాడు. చదువయ్యాక నీటిపారుదల పనుల వర్క్‌షాపులో నక్షాలు గీసే ఉద్యోగానికి కుదిరాను. నల్లగొండ జిల్లాలో రెండు గుట్టల మధ్య కట్టిన జలాశయం ఒకటుంది. ఊరి పేరు వద్దు. దాని కట్ట కింద నుంచి కాలువకు నీళ్లు వదిలే తూము, ఆ తూముకు మనిషెత్తు వాల్వు. వాల్వు అంటే మరేం లేదు, రెండు గాడుల మధ్య పైకీ కిందికీ జరిగే దళసరి ఇనుప పలక. దాని నెత్తిన మరలు తీసిన పొడవాటి కడ్డీ, కడ్డీకి కంచు నట్టు, నట్టును తిప్పడానికి చేతి చక్రం. నట్టు తిరిగితే కడ్డీ లేస్తుంది లేదా దిగుతుంది. పూర్తిగా తెరిచిన వాల్వును మూయాలంటే నలుగురు మనుషులు వంతులు మారుతూ గంటకు పైగా తిప్పాలి. వరద గంట ఆగి వస్తుందా? అందుకని దాన్ని మోటారుతో నడపాలని పైవాళ్లు అనుకున్నారు, విలాయతి సామాను తెప్పిద్దామనుకున్నారు. ఇంతలో నిజాముకూ ఢిల్లీ సర్కారుకూ చెడింది. సరిహద్దులు మూతపడ్డాయి. ఒక్క బోల్టు కూడా లోపలికి రాని రోజులవి.

మా పెద్దింజనీరు, పరిస్థితులు చక్కబడ్డాక చూద్దాంలే అన్నాడు. నేను చేస్తానన్నాను. గదిలో ఉన్నవాళ్లందరూ నవ్వారు. ఎవరైనా అట్లా నవ్వితే నాకు ఒళ్లు మండుతుంది, అప్పుడూ ఇప్పుడూ.

చేశాను. పట్నంలో పాత ఇనుప సామాన్ల బజారులో ఒక క్రేను మోటారు దొరికింది, దాన్ని నడిపే హ్యాండిలు పెట్టెతో సహా. కరెంటు కోసం వాల్వు గది పక్కన ఒక డీజిల్ ఇంజను, డైనమో పెట్టించాను. మోటారు వేగంగా తిరుగుతుంది గాని దానికి బలం తక్కువ. వాల్వుకు కావలసింది బలం, వేగం కాదు. అందుకని నడుమ స్క్రూలా మరలు తీసిన ఇరుసు, మరసుట్టు అంటాం, అదీ, దాని మరల్లో ఇరుక్కుని తిరిగే కంచు పళ్ల చక్రమూ పెట్టాను. మోటారు అరవై సార్లు తిరిగితే చక్రం ఒక్కసారి తిరుగుతుంది. అందులో ఒక సొగసుంది, వినండి. మోటారు చక్రాన్ని తిప్పగలదు, చక్రం మాత్రం మోటారును తిప్పలేదు. కాబట్టి మోటారు ఆగినచోటే పలక ఆగుతుంది, తన బరువుకు తాను జారదు, వేరే బ్రేకు అక్కర్లేదు. ఇంకొకటి. గట్టిగా మూసిన పలక గాడిలో బిగుసుకుపోతుంది, తెరవబోతే మోటారు మూలుగుతుందే తప్ప పలక కదలదు. దానికోసం చక్రం నట్టును పట్టుకునే చోట పావు చుట్టు ఖాళీ వదిలాను. మోటారు ముందు ఊరికే తిరిగి ఊపందుకుంటుంది, ఆ ఊపుతో ఠప్పున ఒక దెబ్బ వేస్తుంది, పలక ఊడి వస్తుంది. బిగుసుకున్న మేకును మా ఊళ్లో ఎవరూ ఊరికే లాగరు, ముందు సుత్తితో ఒక్కటి తగిలిస్తారు. నేను చేసిందీ అదే. విలాయతి వాళ్లూ అట్లాగే చేస్తారని చాలా ఏళ్ల తర్వాత ఒక పుస్తకంలో చూశాను. నేను చూసి చేయలేదు, నా బుర్రలోంచి తీశాను.

మొదటిసారి ఆ పలక మోటారు మీద లేచిన రోజున నేను కట్ట మీద నిలబడి మీసం దువ్వుకున్నాను. నిజంగానే దువ్వుకున్నాను. గంట పని ఎనిమిది నిమిషాల్లో అయింది.

ఇక నేను చేయనివి రెండున్నాయి. అక్కడికి వచ్చేసరికి చెయ్యి నెమ్మదిస్తోంది.

ఒకటి, స్ప్రింగు. పలక పూర్తిగా కిందికి దిగగానే ఒక స్విచ్చు తగిలి మోటారు ఆగేలా ఏర్పాటు చేశాను. కానీ దారిలో పలకకు ఏదైనా అడ్డుపడితే? పలక కిందికి చేరదు, స్విచ్చు తగలదు, మోటారు తోస్తూనే ఉంటుంది. అట్లాంటప్పుడు కాపాడటానికి మరసుట్టు వెనక ఒక గట్టి స్ప్రింగు ఉండాలి. భారం మితిమీరితే మరసుట్టు వెనక్కి జరిగి, స్ప్రింగును నొక్కి, మోటారును ఆపేస్తుంది. నా మొదటి నక్షాలో అది ఉంది. అంత గట్టి స్ప్రింగుకు కావలసిన ఉక్కు ఆ రోజుల్లో దొరకలేదు. నక్షాలో దాన్ని కొట్టేసి పక్కన ‘అవసరం లేదు’ అని రాశాను. ‘దొరకలేదు’ అని రాయొచ్చు కదా? రాయలేదు. నేను గీసినదాంట్లో లోటుందని నా చేత్తో నేనే ఎందుకు రాసుకోవాలి అనుకున్నాను.

రెండోది, హ్యాండిలు. అది నడుమ నిలబడి ఉంటే మోటారు ఆగి ఉంటుంది. ఎడమకు తోస్తే వాల్వు తెరుచుకుంటుంది, కుడికి తోస్తే మూసుకుంటుంది. ఎటు తోసినా మూడేసి గాట్లు. మొదటి గాటులో మెల్లగా, మూడో గాటులో పూర్తి బలంతో. పెట్టె మీది ఇత్తడి బిళ్లకున్న ఇంగ్లీషు అక్షరాలు అరగదీయించి, ఉర్దూలోనూ తెలుగులోనూ కొత్తగా చెక్కించాను. ఎడమ వైపు ‘ఖోల్’, కుడి వైపు ‘బంద్’. అక్షరాలు చెక్కే ముసలాయన ఒక ఇరుకు దుకాణంలో కూర్చునేవాడు. నడిమి గాటు దగ్గర ఏం రాయాలని అడిగాడు. అది మోటారు ఆగే చోటు అన్నాను. ఆయన కళ్లద్దాలు నుదుటి మీదికి తోసి, “అరే, అదీ బందే కద సాబ్! రెండు జాగల బంద్ అంటే నడిపేటోడు పరేషాన్ అయితడు” అన్నాడు.

నిజమే. మా దగ్గర తలుపు మూయడమూ బందే, మోటారు ఆపడమూ బందే. నల్లా బంద్, దుకాణం బంద్, లొల్లి బంద్. పుట్టినప్పటి నుంచి ఆ ఒక్క మాటతోనే అన్నీ నడిపించుకున్నవాళ్లం. నేనేం చేశాను? నడుమ ఏమీ రాయకు, ఖాళీగా వదిలెయ్ అన్నాను. ఆగి ఉన్న మోటారుకు పేరెందుకు అని ఎకసెక్కెంగా నవ్వాను కూడా. అక్షరాలు చెక్కుకునే ముసలాయన నా యంత్రంలోని అసలు లోపాన్ని కూర్చున్న చోటి నుంచే పట్టుకున్నాడు, నేను వినిపించుకోలేదు.

వాల్వును నడపడానికి మల్లయ్యను పెట్టుకున్నాను. దగ్గరి పల్లెలో గొర్రెలు మేపుకునే ఇంటివాడు, నాకంటే రెండు మూడేళ్లు చిన్న. చదువు రాదు. ‘ఖోల్’, ‘బంద్’ అనే రెండు మాటల ఆకారం చూపిస్తే గుర్తుపెట్టుకున్నాడు. అతనికున్న ఆస్తి చెవులు. కట్ట మీద కూర్చుని చుట్ట కాలుస్తూనే, “సారూ, పండ్లల్ల ఇసుక పడ్డట్టున్నది” అనేవాడు. విప్పి చూస్తే పళ్ల చక్రంలో నిజంగానే ఇసుక ఉండేది. మొదటిసారి నవ్వాను, రెండోసారి ఆశ్చర్యపోయాను, మూడోసారి ఏమీ అడక్కుండానే పానా తీసుకున్నాను. ఇద్దరం ఒక్క తీరుగా మాట్లాడేవాళ్లం, ఒక్క తీరుగా తిట్టుకునేవాళ్లం. మిగతా ఇంజనీర్లు పనివాళ్లతో పుస్తకాల భాష మాట్లాడేవారు, నేను మాట్లాడలేదు. నా యంత్రానికి తగిన మనిషి దొరికాడని నలుగురికీ చెప్పుకున్నాను.

వాల్వు నడిచిన కొన్ని నెలలకే పోలీసు చర్య వచ్చింది. రజాకార్లు పోయారు, నిజాం సర్కారు పోయింది, కొత్త అధికారులూ మిలిటరీ వాళ్లూ వచ్చారు. నల్లగొండలో పోరు మాత్రం ఆగలేదు. దొరల భూములు పంచిన సంఘం వాళ్లు గుట్టల్లోకి వెళ్లారు, వాళ్లను వెతకడానికి పల్లెల దగ్గర క్యాంపులు పడ్డాయి. మల్లయ్య తమ్ముడు సంఘం దళంలో ఉన్నాడని ఊరికంతా తెలుసు. నాకూ తెలుసు. ఈ మాట మీరు గుర్తుంచుకోవాలి, ఎందుకంటే తర్వాత నేను చేసింది ఇది తెలిసే చేశాను.

మరుసటి ఏడు వానాకాలం చివర మూడు రోజులు ముసురు పట్టింది. నేను అక్కడే ఉన్నాను. నా వాల్వును చూసి అట్లాంటివే ఇంకో రెండు జలాశయాలకు పెట్టించాలని కొత్త సర్కారు ఆలోచిస్తోంది, వారంలో పట్నం నుంచి పెద్దవాళ్లు రావాలి. దాన్ని అద్దంలా తుడిపించి ఉంచాను. నాలుగో రోజు పొద్దున్నే కింద కాలువకు గండి పడిందని కబురొచ్చింది. వాల్వు వెంటనే మూయాలి. మల్లయ్య పైన హ్యాండిలు దగ్గర నిలబడ్డాడు, నేను కడ్డీని చూస్తూ ఉండటానికి నిచ్చెన మీదుగా బావిలాంటి కింది గదిలోకి దిగాను. మెల్లగా మూయాలని మొదటి గాటు పెట్టమన్నాను. పెట్టాడు.

మూడింట రెండు వంతులు దిగాక పలక దేనికో తగిలింది. వరదలో కొట్టుకొచ్చిన తుమ్మ మొద్దు అని తర్వాత తెలిసింది. మోటారు గొంతు మారింది. కడ్డీ సన్నగా వణకడం మొదలుపెట్టింది. స్ప్రింగు ఉంటే ఆ క్షణంలోనే అంతా ఆగిపోయేది. అది లేదు. నేను పైకి తల ఎత్తి, గొంతు చించుకుని అరిచాను.

“బంద్ చెయ్! మల్లయ్యా, జల్దీ బంద్ చెయ్!”

మోటారు ఆపమని నా ఉద్దేశం. పైన మల్లయ్య హ్యాండిలు వైపు చూసి ఉంటాడు. అది ‘బంద్’ మీదే ఉంది, మొదటి గాటులో. సారు బంద్ చెయ్యమంటున్నాడు, జల్దీ చెయ్యమంటున్నాడు, కింద పొలాలు మునుగుతున్నాయి. అతని చోట మీరున్నా ఏం చేస్తారు? మూడో గాటుకు తోశాడు.

కడ్డీ నా కళ్ల ముందే వంగిపోయింది. నట్టులోని మరలు తెగి కంచు రజను నా మొహాన పడింది. దారి మూడో వంతు తెరుచుకుని ఉండగానే పలక ఇరుక్కుపోయింది, ఇక పైకి రాదు, కిందికి పోదు. ఇసుక బస్తాలు వేసి తూమును కట్టడానికి పదకొండు రోజులు పట్టింది. ప్రాణాలు పోలేదు గాని రెండు పల్లెల వరి కుళ్లిపోయింది.

ఒకే రోజున కాలువకు గండి, అదే రోజున వాల్వు విరగడం. ఇది కాకతాళీయం అంటే ఆ రోజుల్లో ఎవరు నమ్ముతారు? రెండో రోజు ఖాకీ దుస్తుల్లో ఒక అధికారి వచ్చాడు. ఆయనకు మన భాష రాదు. వెంట సర్కారు జిల్లాల నుంచి కొత్తగా వచ్చిన దుబాసీ ఉన్నాడు, మంచివాడే, మర్యాదగా మాట్లాడాడు. వాల్వు గదిలోనే కుర్చీలు వేశారు. మల్లయ్యను నా ఎదురుగా నిలబెట్టారు.

“మీరు కింద నుంచి ఇతనితో ఏమని కేక వేశారండీ?” అని దుబాసీ నన్ను అడిగాడు.

“ఆపు అన్నాను.”

ఇదే ఆ రెండక్షరాలు.

మల్లయ్య నా వైపు తిరిగాడు. ఆ మొహంలో కోపం లేదు, నేను ఏదో మరిచిపోయాను, గుర్తు చేస్తే సరిపోతుంది అన్నట్టు చూశాడు. “సారూ, బంద్ చెయ్ అన్నరు గద. జల్దీ బంద్ చెయ్ అన్నరు. మీరు ఎన్నడన్న ఆపు అన్నరా? మన నోట్లె ఆ మాటనే రాదాయె.”

మన నోట్లె అన్నాడు. నన్ను తనలో కలుపుకునే మాట్లాడాడు. నేను కిటికీలోంచి నీళ్లవైపు చూశాను.

దుబాసీ మళ్లీ నన్నే అడిగాడు. “బంద్ అంటే మూయమని కదండీ?”

“అవును.”

“మీ యంత్రంలో లోపమేమైనా ఉందా?”

“లేదు.”

మా పాలమూరు మనిషి గాని నల్లగొండ మనిషి గాని దుబాసీగా ఉంటే అక్కడికక్కడే నా అబద్ధం బయటపడేది. మోటారు ఆపించాల్సిన మన వైపు మనిషి కంగారులో ‘ఆపు’ అని అరుస్తాడా అని నవ్వేవాడు. ఆ దుబాసీకి అవి రెండు వేర్వేరు మాటలు. ఒకటి ఆపడం, ఇంకొకటి మూయడం. ఇంజనీరు ఆపమన్నాడు, తమ్ముడు సంఘం దళంలో ఉన్నవాడు పూర్తి బలంతో మూశాడు. రాసుకున్నారు. మల్లయ్య గొంగడితోనే అతని చేతులు వెనక్కి కట్టి లారీ ఎక్కించారు.

ముందే ఆలోచించుకుని చెప్పానా? లేదు. ఒట్టు. అయితే నోరు జారిందా? అదీ కాదు. ఆ ప్రశ్న వినగానే నా కళ్ల ముందు కొట్టేసిన స్ప్రింగు, ఖాళీగా వదిలిన ఇత్తడి బిళ్ల కనిపించాయి. బంద్ అన్నానని చెబితే, మరి నీ హ్యాండిలు మీద బంద్ అంటే ఏమిటి, నడుమ ఎందుకు రాయలేదు అని అడుగుతారు. వారంలో పెద్దవాళ్లు వస్తున్నారు. నా యంత్రానికి మచ్చ పడుతుంది. అది తప్పించుకోవడానికి, జన్మలో ఎన్నడూ వాడని మాటను నా నాలుక క్షణంలో వెతికి పట్టుకుంది. ఉద్యోగం పోతుందని భయపడి చెప్పి ఉంటే నా మీద నేను కొంచెం జాలిపడి ఉండేవాణ్ణి. భయం కాదు. గర్వం. నేను గీసిన గీత తప్పు అని ఎవరూ అనకూడదు, అంతే.

అతని భార్య నా దగ్గరికొచ్చింది, చంకలో ఆడపిల్లతో. “సారూ, మీరొక్క మాట జెప్తె ఇడుస్తరంట. ఆయన గసొంటోడు గాదని మీకెరుకే గద” అంది. చూస్తానమ్మా అన్నాను. ఆ సాయంత్రమే పట్నం బస్సెక్కాను. మందలో సగం గొర్రెల్ని అమ్ముకుని ఆమె క్యాంపు చుట్టూ, తర్వాత జైలు చుట్టూ తిరిగిందని విన్నాను.

ఇక్కడ మళ్లీ నా తల లేస్తుంది, కోప్పడకండి. పట్నంలో కూర్చుని ఆ యంత్రాన్ని కొత్తగా గీశాను. సరిహద్దులు తెరుచుకున్నాయి, ఉక్కు దొరికింది. స్ప్రింగు పెట్టాను. పలక కింద కావాలని టేకు దుంగ పెట్టించి, మూడో గాటులో నడిపించి, మోటారు దానంతటదే ఆగడం అందరికీ చూపించాను. నడిమి గాటు మీద ‘ఆపు’ అని పెద్ద అక్షరాలతో చెక్కించాను. మన వాళ్లకు అలవాటు లేని మాట ఎందుకని మా పెద్దింజనీరు అడిగితే, స్వచ్ఛమైన తెలుగు ఉండాలండీ అన్నాను. చప్పట్లు కొట్టారు. తర్వాత ఆ నమూనా చాలాచోట్ల పెట్టారు. దాంట్లోని ప్రతి పన్నూ నాకు తెలుసు, ప్రతి కొలతా నాది. ఇప్పటికీ నడుస్తున్నవి ఉన్నాయి. ఆ గర్వం నాకు పోలేదు, పోవాలని కూడా లేదు. కాని ఎవరైనా పొగిడినప్పుడల్లా, లోపం లేదన్న యంత్రానికి అన్ని మార్పులు ఎందుకు చేశావురా అని అడిగేవాడు ఒక్కడూ లేడే అనిపించేది.

రెండున్నర ఏళ్ల తర్వాత మల్లయ్య విడుదలయ్యాడు. నేను పని మీద మళ్లీ అక్కడికి వెళ్లి వాల్వు గదిలో ఉండగా మధ్యాహ్నం వేళ వచ్చి గడప బయట నిలబడ్డాడు. సగానికి సగం అయ్యాడు. ఎడమ చెయ్యి పూర్తిగా పైకి లేవడం లేదు. కోపంగా వస్తాడని, నిలదీస్తాడని, ఆ రోజు కోసం నేను లోపల ఎన్నో జవాబులు సిద్ధం చేసుకున్నాను. వాటిలో ఒక్కటీ అక్కరకు రాలేదు.

“సారూ, జైల్ల కూసోని మస్తు సోచాయించిన” అన్నాడు. “గంత మోటరు చప్పుడాయె. మీరు ఆపు అనే అన్నరేమో. నాకే బంద్ అని ఇనబడ్డదేమో. మీరైతే అబద్ధమాడరు గద.”

రెండున్నర ఏళ్లు ఆ మనిషి నన్ను అనుమానించడానికి బదులు తన చెవుల్ని అనుమానించుకున్నాడు. ఇసుక రవ్వను విని పట్టుకున్న చెవుల్ని. అప్పుడు చెప్పాల్సింది. అక్కడ మేమిద్దరమే ఉన్నాం, అధికారి లేడు, దుబాసీ లేడు, నాకు పోయేదేమీ లేదు.

“ఏమో మల్లయ్యా” అన్నాను. “చప్పుడు మాత్రం శానా ఉండె.”

తల ఊపాడు. ఏదో తేలిపోయినట్టు నిట్టూర్చాడు. మొదటి అబద్ధానికి నాకు కారణాలున్నాయి, చెడ్డవే గాని ఉన్నాయి. ఈ రెండోదానికి ఏ కారణమూ లేదు. ఎందుకు చెప్పలేదు నేను? అతని ముందు చిన్నబోవడం ఇష్టం లేకనా? నన్ను అబద్ధమాడని మనిషిగా చూసే ఆ ఒక్క చూపు పోగొట్టుకోలేకనా? ఇన్నేళ్లుగా అడుగుతున్నాను, నాకు నేనే జవాబు చెప్పడం లేదు.

అతనికి మళ్లీ నౌకరీ ఇప్పించాలనుకున్నాను. సంఘం మనిషన్న ముద్ర ఉన్నవాణ్ణి తీసుకోరు. అందుకని నేనొక ఉపాయం చేశాను, అప్పట్లో దానికీ మురిసిపోయాను. నాటి ప్రమాదంలో దురుద్దేశం లేదు, సదరు మల్లయ్యకు వినికిడి లోపం ఉన్నందువల్ల ఆజ్ఞ తప్పుగా అర్థమైంది అని కాగితం రాశాను. పైవాళ్లు ఒప్పుకున్నారు. యంత్రం దగ్గర కాదు, కాలువ మీద కావలి పని ఇచ్చారు. అతని మీది నేరం కడిగేశానని ఇంటికొచ్చి కడుపునిండా తిన్నాను.

ఆఫీసులో ఉన్న కాగితం ఊళ్లోకి పోకుండా ఉంటుందా? మల్లయ్యలు ముగ్గురున్న ఊళ్లో అతను చెవిటి మల్లయ్య అయ్యాడు. మొదట వేళాకోళానికి, తర్వాత అలవాటుగా. అతనూ నమ్మాడు. ఎవరైనా మాట్లాడితే అరచెయ్యి చెవి దగ్గర పెట్టుకుని, “ఏమంటివి?” అని రెండోసారి చెప్పించుకునేవాడు. ఒకసారి కాలువ గట్టు మీద నన్ను కూడా అట్లాగే అడిగాడు. పిల్లలు పుట్టారు, మనుమలు పుట్టారు, ఊరి నోట్లో వాళ్లంతా చెవిటోళ్లయ్యారు. అసలు ఇంటిపేరు ఎవరికీ గుర్తులేదు.

పోయిన నెల మల్లయ్య చనిపోయాడని కబురొచ్చింది. దినాలకు వెళ్లాను. ఆనాడు తల్లి చంకలో ఉన్న ఆ పిల్లే నాకు వడ్డించింది. ఆమెకూ అక్కడక్కడ జుట్టు నెరిసింది. పక్కన కూర్చుని, “మా నాయిన చెవిటోడని అందరంటరు సారూ. గని మంద ఆవలి గుట్ట మీద ఉన్నా, ఏ పిల్ల తప్పిపోయి అరుస్తాందో అందరికన్న ముందుగాల ఆయనకే ఇనొచ్చేది. గదేం చెవుడో మాకు సమజ్ గాలే” అని నవ్వింది. విస్తట్లో అన్నం కలుపుకుంటూ నేనూ నవ్వాను. చెయ్యి కడుక్కుని వచ్చేశాను.

ఇంటికొచ్చి ఈ కాగితాలు ముందు వేసుకున్నాను. రేపు వీటిని పట్టుకుని మళ్లీ ఆ ఊరికి వెళతాను. ఆమెకు చదువు రాదు, నేనే చదివి వినిపించాలి. ఏమంటుందో తెలియదు. దుమ్మెత్తి పోస్తే పోయనీ. క్షమించమని అడగను. ఆ హక్కు ఉన్న మనిషి పోయాడు, ఆమెను అడిగి ఆమె మీద కొత్త బరువు పెట్టలేను. మరసుట్టు గురించీ స్ప్రింగు గురించీ మీతో ఇంత గొప్పగా చెప్పుకున్నాను గాని, ఆమె దగ్గర అదంతా చదవను. ఆమెకు చదివేది ఒక్క ముక్కే. దాన్ని రాస్తుంటే ఇన్నేళ్లకు నా ఊపిరి కాస్త తేలిగ్గా ఆడుతోంది.

అమ్మా, మీ నాయినకు చెవుడు లేదు. ఆ రోజు నేను బంద్ అన్నాను. ఆయనకు బంద్ అనే వినబడింది.